వెక్టర్ చిత్రాలలో చార్టుల సవరణ

వెక్టర్ చిత్రాలలో చార్టుల సవరణ అనగా కమ్మీ రేఖాచిత్రాలు, వృత్తరేఖా చిత్రాలు, గీత గ్రాఫులు మొదలైన గణాంక చిత్రాలను అడోబ్ ఇల్లస్ట్రేటర్, కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్ వంటి సాఫ్ట్‌వేర్లలో తెరచి వాటి అంకెలను, లేబుళ్ళను, రంగులను, కొలతలను మార్చుట. ప్రాజెక్టు నివేదికలు, పాఠ్యపుస్తకాలు, పత్రికలు, విజ్ఞాన సర్వస్వ వ్యాసాల కొరకు ఈ పని తరచు చేయవలసి వస్తుంది. చూడడానికి చిన్న పనే అయినా ఇందులో ఎదురయ్యే చిక్కులు అనేకం. కమ్మీలు కదలవు, లేబుళ్ళు చిన్న చిన్న ముక్కలవుతాయి, తెలుగు అక్షరాల ఒత్తులు విడిపోతాయి. అన్నిటికంటె ప్రమాదకరమైనది ఏమంటే, బొమ్మ అందంగా ఉంటూనే అందులోని కమ్మీ దాని పక్కన వ్రాసిన అంకెకు సరిపోకుండా పోవచ్చును. ఆ తప్పును సాఫ్ట్‌వేరు పట్టుకోదు.

నేపథ్యం

కంప్యూటరు చిత్రాలు ప్రధానంగా రెండు విధాలు. చుక్కల సముదాయంగా ఉండేవి రాస్టర్ చిత్రాలు. గీతలు, వంపులు, ఆకారాలను గణిత సూత్రాలుగా దాచుకొనేవి వెక్టర్ చిత్రాలు. ఎంత పెద్దవి చేసినా అంచులు చెదరవు కనుక చార్టులకు రెండవ పద్ధతి అనువైనది. అడోబ్ ఇల్లస్ట్రేటర్ 1987లోను, కోరల్‌డ్రా 1989లోను వెలువడినవి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అయిన ఇంక్‌స్కేప్ 2003లో సోడిపోడి అనే మరొక సాఫ్ట్‌వేరు నుండి చీలి వచ్చినది. ఇంక్‌స్కేప్ తన ఫైళ్ళను ఎస్.వి.జి. రూపంలో దాచుతుంది. ఎస్.వి.జి. 1.0ను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2001 సెప్టెంబరు 4న ప్రమాణంగా ప్రకటించినది.

తెలుగునాట ఈ సాఫ్ట్‌వేర్ల వాడకం రెండు చోట్ల కనబడుతుంది. ఒకటి డి.టి.పి. కేంద్రాలు, ముద్రణాలయాలు. రెండవది కళాశాలలు. హైదరాబాదు తూర్పు భాగం ఈ రెంటికీ మంచి ఉదాహరణ. రంగారెడ్డి జిల్లాలోని నాదర్‌గుల్‌లో 1981లో స్థాపించిన మాతూరి వెంకట సుబ్బారావు ఇంజినీరింగు కళాశాల ఉన్నది. అక్కడికి దగ్గరలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు శిక్షణా సంస్థలకు, వాటిని ఆనుకొని ఉండే టైపింగు, ముద్రణ దుకాణాలకు ప్రసిద్ధి. విద్యార్థి ఎక్సెల్‌లోనో, పైథాన్‌లోనో గీసిన చార్టు దుకాణంలోని కోరల్‌డ్రాకు చేరేసరికి రెండు మూడు రూపాలు మారుతుంది. ఈ వ్యాసంలో చెప్పే చిక్కులలో చాలా భాగం ఆ మారుటలో పుట్టినవే.

చార్టు, చార్టు బొమ్మ

సవరణ మొదలు పెట్టక ముందు తెలుసుకోవలసినది ఒకటి ఉన్నది. తెర మీద ఉన్నది అంకెలతో ముడిపడిన చార్టా, లేక చార్టు వలె కనబడే వట్టి ఆకారాలా? ఎక్సెల్‌లో ఉన్నది మొదటి రకం. పట్టికలో అంకె మార్చితే కమ్మీ తానే పెరుగుతుంది. ఇల్లస్ట్రేటర్ గ్రాఫు సాధనాలతో గీసిన గ్రాఫు కూడా మొదటి రకమే. ఇంక్‌స్కేప్‌లో తెరచిన చార్టు మాత్రం ఎప్పుడూ రెండవ రకం. దానికి దీర్ఘచతురస్రం తెలుసు, దాని ఎత్తు తెలుసు, ఆ ఎత్తు ఏ అంకెకు గుర్తో తెలియదు. ఇంక్‌స్కేప్ ఎక్స్‌టెన్షన్ల మెనూలోని చార్టు సాధనం కూడా అంకెలు తీసుకొని బొమ్మ గీసి ఇస్తుంది, ఆ తరువాత అంకెలను మరచిపోతుంది.

ఇల్లస్ట్రేటర్‌లో గ్రాఫు మొత్తం ఒక గుంపుగా ఉంటుంది. ఒక కమ్మీ రంగు మార్చబోయి అది ఎంపిక కాకపోవడంతో కొత్తవారు వెంటనే అన్‌గ్రూప్ చేస్తారు. సాఫ్ట్‌వేరు ఒక హెచ్చరిక చూపుతుంది, దానిని చదవకుండానే సరే అంటారు. అంతటితో గ్రాఫుకు, అంకెలకు మధ్య ఉన్న ముడి తెగిపోతుంది. ఫైలును మూసి మరల తెరచిన తరువాత ఆ ముడిని తిరిగి వేయుట సాధ్యం కాదు. నిజానికి అన్‌గ్రూప్ చేయవలసిన అవసరమే లేదు. తెల్లని బాణం పక్కన కూడిక గుర్తు ఉండే గ్రూప్ సెలక్షన్ సాధనంతో సూచికలోని చిన్న చతురస్రాన్ని ఒకసారి నొక్కి, కదపకుండా మరల నొక్కితే ఆ శ్రేణికి చెందిన కమ్మీలన్నీ సూచికతో సహా ఎంపికవుతాయి. రంగు అప్పుడు మార్చుకోవచ్చును. గ్రాఫు చుట్టూ లాగే పిడులు కనబడలేదని కూడా కొందరు అన్‌గ్రూప్ చేస్తారు. గ్రాఫును పెంచడానికి, తగ్గించడానికి స్కేల్ సాధనం వాడవలెను.

అంకెలు నమోదు చేయుటలో చిక్కులు

ఇల్లస్ట్రేటర్‌లో తొమ్మిది రకాల గ్రాఫు సాధనాలున్నవి. వీటన్నిటికీ అంకెలు ఇచ్చే పట్టిక ఒక్కటే. దాని నియమాలు ఎక్సెల్ నియమాల వంటివి కావు కనుక పొరపాట్లు ఇక్కడే ఎక్కువ.

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ జనాభాను ఉదాహరణగా తీసుకోవచ్చును. జనాభా లెక్కల ప్రకారం అది 1991లో 6,65,08,008, 2001లో 7,62,10,007, 2011లో 8,45,80,777. ఈ అంకెలను ఇలాగే కామాలతో పట్టికలో వేస్తే కమ్మీలు రావు. ఈ పట్టిక అంకెలను, దశాంశ బిందువును మాత్రమే సంఖ్యగా గుర్తిస్తుంది. లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పెట్టే అలవాటు ఉన్నవారికి ఇది తరచు ఎదురయ్యే చిక్కు. కామాలు తీసివేయుట ఒక మార్గం, కోట్లలోకి మార్చి 6.65, 7.62, 8.46 అని వేయుట అంతకంటె మంచి మార్గం.

తరువాతి చిక్కు సంవత్సరాలతో వస్తుంది. మొదటి నిలువు వరుసలో 1991, 2001, 2011 అని వట్టిగా వ్రాస్తే సాఫ్ట్‌వేరు వాటిని లేబుళ్ళుగా కాక మరొక శ్రేణి అంకెలుగా భావిస్తుంది. ఫలితంగా రెండు వేల ఎత్తున మూడు కమ్మీలు లేస్తాయి. ఏడెనిమిది ఎత్తున్న జనాభా కమ్మీలు అక్షాన్ని అంటుకొని కనబడకుండా పోతాయి. చార్టు ఖాళీగా వచ్చిందని అనుకొనే సందర్భాలలో అనేకం ఇటువంటివే. సంవత్సరాన్ని నిలువుగా ఉండే సాదా జంట ఉద్ధరణ చిహ్నాల మధ్య వ్రాస్తే అది లేబుల్ అవుతుంది. వంకర ఉద్ధరణ చిహ్నాలు వేస్తే అవి చార్టు మీద అచ్చవుతాయి. వర్డ్ నుండి నకలు చేసి అతికించినప్పుడు సాదా చిహ్నాలు వంకర చిహ్నాలుగా మారి ఉంటాయి కనుక ఇది గమనించవలెను. సూచిక రావాలంటే పట్టికలో ఎడమవైపు పైమూల గడిని ఖాళీగా వదలవలెను. లేబులును రెండు పంక్తులలో చూపదలచితే విరగవలసిన చోట నిలువు గీత వేయాలి.

వృత్తరేఖా చిత్రానికి వేరే తంటా ఉన్నది. ఇక్కడ ప్రతి అడ్డు వరుస ఒక ప్రత్యేక వృత్తమవుతుంది. ఐదు అంకెలను ఎక్సెల్ అలవాటు ప్రకారం ఒకదాని క్రింద ఒకటి వేస్తే ఐదు భాగాల వృత్తానికి బదులు ఐదు నిండు వృత్తాలు వస్తాయి. పట్టిక పైన ఉన్న అడ్డు, నిలువు వరుసల మార్పిడి బొత్తాన్ని నొక్కితే సరిపోతుంది.

తెలుగు అంకెలను లేబుళ్ళకు మాత్రమే పరిమితం చేయుట మేలు. గీయవలసిన విలువలను 1, 2, 3 రూపంలోనే ఇవ్వవలెను.

ఎక్సెల్, పి.డి.ఎఫ్. ల నుండి వచ్చిన చార్టులు

ఎక్సెల్ చార్టును నకలు చేసి వెక్టర్ సాఫ్ట్‌వేరులో అతికించినప్పుడు అది గుంపులో గుంపుగా, వాటి మీద క్లిప్పింగు ముసుగులతో వస్తుంది. ఏ కమ్మీ మీద నొక్కినా మొత్తం కదులుతుంది. ముందు ముసుగును విడుదల చేసి, తరువాత గుంపులను ఒక్కొక్క పొరగా విప్పవలెను. ముసుగు విప్పగానే అంతవరకు దాగి ఉన్న తెల్లని దీర్ఘచతురస్రాలు, పేజీ అంచు గీతలు బయటపడతాయి. వాటిని తీసివేయకుండా వదిలితే రంగు నేపథ్యం మీద చార్టు వేసినప్పుడు తెల్లని మచ్చలుగా కనబడతాయి. కోరల్‌డ్రాలో చార్టు ఓ.ఎల్.ఇ. వస్తువుగా అతుక్కుంటే దాని మీద రెండుసార్లు నొక్కితే ఎక్సెల్ తెరచుకుంటుంది. ఇది ఉపయోగకరమే. ఐతే ఫైలును ఎక్సెల్ లేని కంప్యూటరుకు తీసుకొనిపోతే అంకెలను మార్చుట కుదరదు. ప్రత్యేక అతికింపు ద్వారా మెటాఫైలుగా అతికిస్తే ఆకారాలను విడదీయవచ్చును. అప్పుడు వృత్తాలు, వంపులు అనేక చిన్న గీతలుగా మారి ఉండవచ్చును కనుక పెద్ద పరిమాణంలో ముద్రించబోయే చార్టుకు ఈ మార్గం అంత మంచిది కాదు.

పి.డి.ఎఫ్. నుండి తీసిన చార్టులలో లేబుళ్ళతోనే అసలు ఇబ్బంది. పి.డి.ఎఫ్. ఫైలు ఒక వాక్యాన్ని వాక్యంగా గుర్తు పెట్టుకోవలసిన అవసరం లేదు. ఏ గ్లిఫ్ ఏ చోట పడాలో గుర్తుంటే చాలు. అందువలన తెరచినప్పుడు ఒక లేబుల్ పది ముక్కలు కావచ్చును. ఆంగ్లంలో ఆ ముక్కలను కలిపితే తిరిగి పదమవుతుంది. తెలుగులో ఒత్తులు, గుణింతపు గుర్తులు వేర్వేరు గ్లిఫ్‌లు అయినందున ముక్కలను కలిపినా చాలాసార్లు పదం రాదు, అర్థం లేని గుర్తులు వస్తాయి. ఇంక్‌స్కేప్ పి.డి.ఎఫ్. ను రెండు విధాలుగా తెరవగలదు. పాప్లర్, కైరో మార్గంలో తెరిస్తే అక్షరాల రూపం చెదరదు, కాని అవి ఆకారాలే తప్ప పాఠ్యం కావు. అంతర్గత మార్గంలో తెరిస్తే పాఠ్యంగా ఉంటాయి, రూపం చెదరవచ్చు. చార్టులోని గీతలు మాత్రమే కావలసినప్పుడు మొదటిది చాలు. లేబుళ్ళు మార్చవలసి ఉంటే తెలుగు లేబుళ్ళను తీసివేసి తిరిగి టైపు చేయుటే తక్కువ శ్రమ.

పైథాన్ భాషలో మాట్‌ప్లాట్‌లిబ్ ద్వారా చార్టులు గీసే విద్యార్థులకు ఒక ఉపాయం ఉపయోగపడుతుంది. ఆ గ్రంథాలయం ఎస్.వి.జి. ఫైలు తయారు చేసేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చుట దాని సహజ అమరిక. పైగా అది చాలాకాలం తెలుగు వంటి లిపులలో అక్షరాల కూర్పును చేయలేకపోయినది. ఒత్తులు విడివిడిగా వచ్చి, ఆ విడిపోయిన రూపమే గీతలుగా స్థిరపడేది. ఎస్.వి.జి. ఫాంటు రకం అనే అమరికకు నన్ అనే విలువ ఇస్తే అక్షరాలు యూనికోడు పాఠ్యంగానే ఫైలులోకి చేరతాయి. ఆ ఫైలును ఇంక్‌స్కేప్‌లో తెరచినప్పుడు కూర్పు సరిగా జరుగుతుంది.

తెలుగు లేబుళ్ళు

తెలుగు లిపికి యూనికోడులో 1991 నుండి స్థానమున్నది. ఐతే యూనికోడు దాచేది వర్ణాలను మాత్రమే. వాటిని కూర్చి అక్షరంగా చూపుట సాఫ్ట్‌వేరు పని. రాష్ట్రం అనే చిన్న పదాన్ని చూడవచ్చును. కంటికి రెండు అక్షరాలు. ఫైలులో అవి ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న అని ఎనిమిది సంకేతాలు. కూర్పు తెలియని సాఫ్ట్‌వేరు ఈ ఎనిమిదింటిని వరుసగా పేర్చి చూపుతుంది. క్రియేటివ్ సూట్ కాలపు ఇల్లస్ట్రేటర్‌లో తెలుగు యూనికోడు లేబుళ్ళు విరిగిపోవడానికి కారణం ఇదే. తరువాతి కాలపు ఇల్లస్ట్రేటర్‌లో భారతీయ భాషల ఎంపికలను ప్రాధాన్యతలలో చూపమని కోరి, పేరా పెట్టెలో దక్షిణాసియా కంపోజరును ఎన్నుకోవలెను. కోరల్‌డ్రాలో 2012 నాటి ఎక్స్6 నుండి ఈ సౌకర్యం ఉన్నది. ఇంక్‌స్కేప్ పాంగో, హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా గ్రంథాలయాలపై ఆధారపడినందున తెలుగు విషయంలో అంతగా ఇబ్బంది పెట్టదు.

అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తే అది కూర్పు దోషం కాదు, ఫాంటులో తెలుగు లేకపోవడం. గ్రాఫు లేబుళ్ళకు ఇల్లస్ట్రేటర్ తనంతట తాను ఇచ్చే మిరియడ్ ప్రో ఫాంటులో తెలుగు లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000, విండోస్ ఎక్స్‌పితో వచ్చిన గౌతమి, విండోస్ 8తో వచ్చిన నిర్మలా యు.ఐ. వంటి వాటిలో ఏదైనా ఎన్నుకోవచ్చును.

లేబులు తెలుగుకు బదులు ఆంగ్ల అక్షరాలు, విరామ చిహ్నాల గందరగోళంగా కనబడితే మూడవ కారణం ఉన్నది. అది అను వంటి పాత పద్ధతి ఫాంటులో టైపు చేసినది. ఈ ఫాంట్లు ఆంగ్ల అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను ఉంచుతాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో సరిగా, లేని కంప్యూటరులో గందరగోళంగా కనబడుతుంది. ముద్రణ దుకాణాలలో ఈ ఫాంట్ల వాడకం విస్తారమైనందున ఒకే చార్టులో సగం లేబుళ్ళు యూనికోడులో, సగం అనులో ఉండుట కూడా కద్దు. అట్టి ఫైలులో ఫాంటును మూకుమ్మడిగా మార్చరాదు. మార్చితే ఏదో ఒక సగం పాడవుతుంది. పాత సంకేతాలను యూనికోడుకు మార్చే సాధనాలున్నవి. 2000 దశకంలో దినపత్రికల ఫాంట్లను మార్చడానికి ఫైర్‌ఫాక్స్ విహరిణికి పద్మ అనే పొడిగింపు ఉండేది. చార్టుల లేబుళ్ళు పది పదిహేను పదాలకు మించవు కనుక తిరిగి టైపు చేయుటే మేలు.

నాలుగవ చిక్కు అంత సులభంగా కంటబడదు. నాదర్‌గుల్ అనే పేరులో ర్ తరువాత గు వస్తుంది. తెలుగులో ఈ రెండూ కలిస్తే గ ఒత్తుగా మారి నాదర్గుల్ అవుతుంది. కలవకుండా ఆపడానికి వాటి మధ్య కంటికి కనబడని ఒక సంకేతం వేస్తారు. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. యూనికోడులో దాని సంఖ్య 8204. దిల్‌సుఖ్‌నగర్ అనే పేరులో ఇది రెండు చోట్ల కావలెను. పట్టిక నుండి చార్టుకు, చార్టు నుండి వెక్టర్ ఫైలుకు పాఠ్యం మారేటప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ సంకేతాన్ని పనికిరాని అక్షరంగా భావించి తీసివేస్తాయి. దిల్‌సుఖ్‌నగర్ కాస్తా దిల్సుఖ్నగర్ అవుతుంది. ఇల్లస్ట్రేటర్, కోరల్‌డ్రాలలో అసలు పదాన్ని నోట్‌ప్యాడు వంటి సాదా సంపాదకంలో టైపు చేసి అతికించవచ్చు. ఇంక్‌స్కేప్‌లో ఎక్స్.ఎమ్.ఎల్. సంపాదకం తెరచి పాఠ్యంలోనే సవరించవచ్చు. ఊర్ల పేర్లు లేబుళ్ళుగా ఉండే చార్టులలో ప్రతి పేరును ఒకసారి చదివి చూచుట తప్పనిసరి.

కొలతలు

ముడి తెగిన చార్టులో ఒక అంకె మారితే కమ్మీ ఎత్తును చేతితో మార్చక తప్పదు. కంటితో అంచనా వేసి లాగుట తగదు. ముందు స్కేలు కనుగొనాలి. పై జనాభా చార్టులో ఒక కోటికి 20 మి.మీ. అనుకుంటే 1991 కమ్మీ ఎత్తు 133.0 మి.మీ., 2001కి 152.4, 2011కి 169.2 రావలెను. ఎంపిక సాధనం పైనున్న ఎత్తు గడిలో ఈ అంకెలను నేరుగా వ్రాయవచ్చును. నిష్పత్తి తాళం వేసి ఉంటే వెడల్పు కూడా మారుతుంది కనుక దానిని ముందు తీసివేయాలి.

ఇంక్‌స్కేప్‌లో మరొక జాగ్రత్త అవసరం. అది సహజంగా చూపే ఎత్తులో అంచు గీత మందం కూడా కలిసి ఉంటుంది. అంచు గీత 1 మి.మీ. అయితే పైన అర, క్రింద అర కలిసి ఎత్తు 1 మి.మీ. ఎక్కువగా కనబడుతుంది. పై స్కేలులో ఇది ఐదు లక్షల జనాభాకు సమానం. ప్రాధాన్యతలలో జ్యామితీయ హద్దు పెట్టెను ఎన్నుకుంటే, లేదా కమ్మీలకు అంచు గీత లేకుండా చేస్తే ఈ దోషం తొలగుతుంది.

చార్టు మొత్తం అనుకున్న దానికంటె పెద్దగానో చిన్నగానో తెరచుకుంటే కారణం కొలమానాల భేదం. ఇల్లస్ట్రేటర్ అంగుళానికి 72 ప్రమాణాలు లెక్కిస్తుంది. ఇంక్‌స్కేప్ 2017 జనవరిలో వెలువడిన 0.92 నుండి 96, అంతకు ముందు 90 లెక్కించేది. చార్టు అంతటినీ ఒకే నిష్పత్తిలో మార్చితే అంకెల సంబంధం చెడదు. అడ్డంగానో నిలువుగానో మాత్రమే సాగదీస్తే అక్షరాలు వికారమవుతాయి, వృత్తరేఖా చిత్రం అండాకారమై దాని భాగాలు పోల్చడానికి పనికిరావు.

స్థలం చాలలేదని కమ్మీల అడుగు భాగాన్ని కత్తిరించుట ఇంకొక దురలవాటు. పై ఉదాహరణలో అక్షాన్ని సున్నకు బదులు 6 కోట్ల వద్ద మొదలు పెడితే 2011 కమ్మీ 1991 కమ్మీకి దాదాపు 3.8 రెట్లు ఎత్తుగా కనబడుతుంది. అసలు నిష్పత్తి 1.27 మాత్రమే. గీత గ్రాఫులలో అక్షం సున్న నుండి మొదలు కానవసరం లేదు. కమ్మీ రేఖాచిత్రంలో పొడవే విలువ కనుక అది సున్న నుండే మొదలు కావలెను. స్థలం చాలనప్పుడు చార్టును అడ్డం కమ్మీలుగా తిప్పుట మంచిది.

జిల్లాల చార్టులు

తెలంగాణకు సంబంధించిన పాత చార్టులను సవరించేవారికి ఇది ప్రత్యేక సమస్య. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడినప్పుడు 10 జిల్లాలు ఉండేవి. 2016 అక్టోబరు 11న అవి 31, 2019 ఫిబ్రవరిలో 33 అయినవి. 2011 లెక్కలలో రంగారెడ్డి జిల్లా జనాభా 52,96,741. అందులో తరువాత మేడ్చల్-మల్కాజ్‌గిరి, వికారాబాదు జిల్లాలలోకి పోయిన ప్రాంతాలు కూడా ఉన్నవి. నాదర్‌గుల్ అప్పుడూ ఇప్పుడూ రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నా, రంగారెడ్డి అనే లేబులు రెండు చార్టులలో ఒకే భూభాగాన్ని చెప్పదు. పాత కమ్మీని మూడు ముక్కలుగా కోసి కొత్త పేర్లు వ్రాయుట సవరణ కాదు, కల్పన. మండలాల వారీ అంకెలను కూడి కొత్త పట్టిక తయారు చేసి చార్టును మొదటి నుండి గీయవలెను. అలాగే ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ చార్టులలో ఉమ్మడి అనే మాట లేకపోతే చేర్చాలి.

ముద్రణకు, వెబ్‌కు పంపునప్పుడు

ముద్రణాలయాలు సాధారణంగా అక్షరాలను కర్వులుగా మార్చిన ఫైలును అడుగుతాయి. కోరల్‌డ్రాలో దీనికి కంట్రోల్, క్యూ మీటలు నొక్కుతారు. దీనివలన ఫాంటు లేని చోట కూడా తెలుగు చెదరదు. ఐతే ఆ తరువాత ఒక్క అక్షరాన్ని కూడా దిద్దలేరు. కనుక మార్చక ముందు ఫైలును వేరే పేరుతో దాచి, అంకెల పట్టికను కూడా దానితో పాటే ఉంచవలెను. చార్టును బాగా చిన్నది చేసినప్పుడు అక్షాల గీతలు కూడా సన్నబడి అచ్చులో కనబడకుండా పోవచ్చును. గీత మందాన్ని పరిమాణంతో పాటు మార్చే అమరిక ఇల్లస్ట్రేటర్, ఇంక్‌స్కేప్‌లలో ఉన్నది. దానిని అవసరం బట్టి ఆపుకోవచ్చును.

వికీమీడియా కామన్స్‌కు ఎక్కించిన ఎస్.వి.జి. చార్టులలో లేబుళ్ళ స్థానంలో నల్లని దీర్ఘచతురస్రాలు కనబడుట చాలామందికి అనుభవమే. ఇంక్‌స్కేప్ 1.0కు ముందటి సంచికలలో పాఠ్యాన్ని పెట్టె గీచి అందులో టైపు చేస్తే అది ఫ్లోరూట్ అనే అంశంగా దాచబడేది. అది ఎస్.వి.జి. 1.2 చిత్తుప్రతిలోనిది. ఆ చిత్తు ప్రమాణంగా స్థిరపడలేదు కనుక విహరిణులు, వికీ సర్వర్లు దానిని చూపలేవు. టెక్స్ట్ మెనూలో సాధారణ పాఠ్యంగా మార్చే ఆదేశాన్ని ఇచ్చి, ఖాళీగా మిగిలిన పెట్టెలను ఎక్స్.ఎమ్.ఎల్. సంపాదకంలో వెదకి తొలగించి, సాదా ఎస్.వి.జి. రూపంలో భద్రపరచితే లేబుళ్ళు కనబడతాయి. పెట్టె గీయకుండా ఒకసారి నొక్కి టైపు చేసే అలవాటు ఉన్నవారికి ఈ చిక్కు రాదు.